తెల్లవారుజాము నీళ్లు: హైదరాబాద్ అంచున ఒక చెరువు కేస్ స్టడీ

రిజిస్టర్ ప్రకారం ఆ చెరువుకు ఏ జబ్బూ లేదు. మూడేళ్ల రీడింగులు ముందేసుకుని చూశాను. నీటిలో కరిగిన ఆక్సిజన్, మా ల్యాబ్ భాషలో డీఓ, ప్రతి నెలా లీటరుకు 4 మిల్లీగ్రాముల పైనే ఉంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీళ్లను ‘ఏ’ నుంచి ‘ఈ’ దాకా తరగతులుగా విడదీస్తుంది. చేపలకూ పక్షులకూ సరిపోయే నీళ్లు ‘డి’ తరగతి. దానికి డీఓ కనీసం 4 ఉండాలి, నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 6.5కీ 8.5కీ మధ్య ఉండాలి, ఫ్రీ అమ్మోనియా 1.2 దాటకూడదు. కాగితం మీద చెరువు పాసైపోయింది. కట్ట మీద మాత్రం ఏటా తొలి వానలకు బొచ్చెలూ రవ్వలూ తెల్లటి పొట్టలు పైకి పెట్టి కుప్పలుగా తేలేవి. మూడో ఏడాది కూడా అలాగే జరిగాక, ఆ చెరువు బాధ్యత చూసే ప్రభుత్వ సంస్థ మమ్మల్ని పిలిచింది.

నేను వాటర్ కెమిస్ట్‌ని. శాంపిళ్లు తీయడం, పరీక్షించడం, పునరుద్ధరణ పనులు మొదలుకాకముందు చెరువు పరిస్థితి రాసివ్వడం, పనులయ్యాక ఏం మారిందో చూడడం మా చిన్న టీమ్ పని. చెరువు హైదరాబాద్ పడమటి అంచున ఉంది. మత్తడి దూకితే నీళ్లు చివరికి మూసీలో కలుస్తాయి. పేరు రాయడం లేదు, ఎందుకంటే పేరు రాస్తే మనుషులెవరో తెలిసిపోతుంది. తప్పు జరిగింది పద్ధతిలో. అదే పద్ధతి చాలా చెరువుల దగ్గర నడుస్తోంది.

మాకిచ్చిన పని చాలా చిన్నది. చెరువులో ఫౌంటెన్లు, నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు పెట్టడానికి ప్రతిపాదన సిద్ధంగా ఉంది. ఎక్కడ ఎన్ని పెట్టాలో చెప్పడానికి నీటి నాణ్యత రిపోర్ట్ కావాలి, అంతే. రెండు వారాల్లో అయిపోయే పని అనుకుని ఒప్పుకున్నాం. ఏడాదిన్నర పట్టింది.

మొదటి రోజు మేమూ అందరిలాగే చేశాం. ఉదయం ల్యాబ్‌లో బయల్దేరి, ట్రాఫిక్ దాటి, పదకొండున్నరకు కట్ట మీదికి చేరాం. తూము దగ్గర మెట్లు దిగి, పైనీళ్లు పట్టుకుని, ఐస్ బాక్స్‌లో సర్దుతున్నాం. మత్స్యకారుల సొసైటీలో పెద్దాయన ఒకరు, అందరూ కాకా అని పిలిచేవాళ్లు, వల బాగుచేసుకుంటూ చాలాసేపు మమ్మల్నే చూశాడు. చివరికి అన్నాడు: “సార్, మీరు పొద్దెక్కినంక వచ్చి నీళ్లు పట్టుకపోతరు. కోడి కూయకముందు రాండ్రి ఒక్కసారి. చేపలు మూతులు పైకి పెట్టి ఎట్ల గుటకలేస్తయో సూపిస్త.”

ఆ మాట విన్నాక రిజిస్టర్ మళ్లీ తెరిచాను. తేదీ ఉంది, వాతావరణం ఉంది, శాంపిల్ తీసిన మనిషి సంతకం ఉంది. టైమ్ రాసే గడి మాత్రం లేదు. అడిగితే ఎవరైనా చెప్పే సంగతే: ఆఫీసు వేళల్లో, అంటే పదకొండుకూ రెండుకూ మధ్య.

పచ్చగా నాచు పట్టిన చెరువులో ఆ వేళకు తీసిన డీఓను నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. నీళ్లలో కంటికి కనపడని నాచు ఎండ ఉన్నంతసేపూ ఆక్సిజన్ వదులుతూనే ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో మంచినీళ్లు మామూలుగా పట్టుకోగల ఆక్సిజన్ లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి ఇక్కడ ఇంకాస్త తక్కువ. ఆకుపచ్చ చెరువులో మధ్యాహ్నం రీడింగ్ ఆ హద్దును కూడా దాటిపోతుంది. చూసినవాళ్లు నీళ్లు భేషుగ్గా ఉన్నాయనుకుంటారు. పొద్దు గూకాక అదే నాచు ఆక్సిజన్ వదలడం మానేసి పీల్చుకోవడం మొదలుపెడుతుంది. మురుగు తినే బాక్టీరియా రాత్రంతా పీలుస్తుంది, అడుగున బురదా పీలుస్తుంది. తెల్లవారేసరికి చేపలకు మిగిలేదే ప్రశ్న.

ఇది పుస్తకాల్లో ఉన్నదే, నేను చదువుకున్నదే. అయినా పదకొండున్నరకే వెళ్లాను. కాకా చెప్పకపోతే రెండోసారీ అప్పుడే వెళ్లేవాణ్ని.

ఆ ఇరవై నాలుగు గంటలు

వారం తర్వాత ఒక మధ్యాహ్నం మొదలుపెట్టి, మర్నాడు మధ్యాహ్నం దాకా, రెండుమూడు గంటలకోసారి నాలుగు చోట్ల శాంపిల్ తీశాం. తూము దగ్గర ఒకటి, చెరువు నడుమ పైన ఒకటి, అక్కడే అడుక్కు అర మీటరు పైన ఇంకొకటి, మురుగు మోసుకొచ్చే నాలా కలిసే మూల దగ్గర నాలుగోది. పడవ లేదు. కాకా థర్మకోల్ తెప్ప మీద ఒక్కొక్కర్నే తీసుకెళ్లాడు. తెప్ప మీద కూర్చుంటే నడుం దాకా తడుస్తాం, సీసాలు మాత్రం తడవకూడదు.

మీటర్ ఉంది. అయినా ప్రతి పాయింటుకూ, రసాయనాలతో డీఓ కొలిచే వింక్లర్ పద్ధతిలో కూడా చేశాం. చేసి చూస్తే ఎంత నచ్చుతుందంటే, ఇప్పుడు కొత్తగా చేరే పిల్లలకు మొదట అదే నేర్పిస్తాను. 300 మిల్లీలీటర్ల గాజు సీసాలో బుడగ కూడా లేకుండా నీళ్లు నింపాలి. 2 మిల్లీలీటర్ల మాంగనీస్ సల్ఫేట్, 2 మిల్లీలీటర్ల ఆల్కలీ అయొడైడ్ అజైడ్, పిపెట్ కొన నీళ్లలోపలే ఉంచి వదలాలి. మూత పెట్టి, సీసాను తలకిందులు చేస్తూ కలపాలి. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మేఘంలాంటిది కట్టి మెల్లగా కిందికి దిగుతుంది. ఆక్సిజన్ ఎంత ఎక్కువుంటే రంగు అంత ముదురు. తర్వాత సల్ఫ్యూరిక్ ఆసిడ్ వేస్తే అది కరిగి టీ డికాక్షన్ రంగుకు వస్తుంది. అందులోంచి 203 మిల్లీలీటర్లు కొలిచి తీసుకుని, 0.025 నార్మల్ సోడియం థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేస్తే, అంటే రంగు పోయేదాకా బొట్టుబొట్టుగా కలిపితే, బురెట్‌లో ఎన్ని మిల్లీలీటర్లు దిగితే లీటరుకు అన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్. లెక్క కట్టే పనే ఉండదు.

మధ్యాహ్నం మూడింటి సీసాలు చాక్లెట్ రంగులో వచ్చాయి. రాత్రి తొమ్మిదికి రంగు పలచబడింది. పన్నెండుకు చెరువు నడుమ అడుగు శాంపిల్‌లో రంగు పట్టీ పట్టనట్టుంది. తెల్లవారుజామున ఐదింటికి తూము మెట్ల మీద హెడ్‌లైట్ వెలుగులో నాలుగు సీసాలూ వరసగా పెట్టి రసాయనాలు వేశాం. తూము దగ్గరిది లేత గోధుమ. నడుమ పైది అంతకంటే లేత. అడుగుదీ నాలా మూలదీ తెల్లగా కట్టాయి. పాలు విరిగినట్టు, తెల్లగా. ఆ తెలుపుకు అర్థం ఒక్కటే, ఆ నీళ్లలో ఆక్సిజన్ లేదు.

అప్పటికి కాకా చెయ్యెత్తి చూపిస్తున్నాడు. తూము వైపు నీళ్ల మీద వాన చినుకులు పడుతున్నట్టు చిన్నచిన్న వలయాలు. వాన లేదు. అవి చేపల మూతులు.

చచ్చిన చేపల్ని చూసి కూడా కొంత చెప్పొచ్చు. ఈ చెరువులో ఎప్పుడూ ముందు పోయేవి పెద్ద బొచ్చెలు, రవ్వలు. కొర్రమట్టలు బతికే ఉండేవి. కొర్రమట్ట పైకొచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి నీళ్లలో ఆక్సిజన్ పోయినా తట్టుకుంటుంది. కొర్రమట్టా పోయి, చిన్నా పెద్దా తేడా లేకుండా, పట్టపగలు చచ్చి ఉంటే విషం ఏదైనా కలిసిందేమోనని అనుమానించాలి. ఇక్కడి లక్షణాలన్నీ ఊపిరాడకపోవడానివే. సొసైటీవాళ్లకు ఈ తేడా మాకంటే ముందే తెలుసు, ఎవరూ వాళ్లను అడగలేదు.

పగటి శాంపిళ్లలో ఇంకో సంగతి బయటపడింది. నాచు ఎండలో కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుంటుంది కాబట్టి మధ్యాహ్నానికి పీహెచ్ పెరుగుతుంది. మురుగు కలిసిన నీళ్లలో అమ్మోనియా ఎలాగూ ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 8 ఉంటే మొత్తం అమ్మోనియాలో చేపకు విషమైన ఫ్రీ అమ్మోనియా భాగం నూటికి 5 వంతులు. పీహెచ్ 9కి చేరితే 35 వంతులు దాటుతుంది. అంటే తెల్లవారుజామున ఊపిరాడదు, మధ్యాహ్నం అమ్మోనియా పోటు. ఒకే రోజు, అవే చేపలు. రోజుకొక్క శాంపిల్ ఎప్పుడు తీసినా రెండింటిలో ఒకటి తప్పిపోతుంది. రిపోర్ట్‌లో నేను అన్నిటికంటే ముందు రాసిన వాక్యం ఇదే.

నాలా దగ్గర

చెరువును కొలిచి ఊరుకుంటే రోగం తెలుస్తుంది గానీ కారణం తెలియదు. నాలాను కొలవాలి. అక్కడ గాఢత ఒక్కటే కొలిస్తే సరిపోదు, ప్రవాహం కూడా కావాలి. రోజుకు 10 లక్షల లీటర్ల మురుగు వస్తోందనుకుందాం. లీటరుకు 200 మిల్లీగ్రాముల బీఓడీ (మురుగును తినడానికి బాక్టీరియా పీల్చుకునే ఆక్సిజన్) ఉందనుకుందాం, శుద్ధి చేయని ఇళ్ల మురుగులో అంత ఉండడం మామూలే. అప్పుడు రోజూ 200 కిలోల భారం చెరువులో పడుతోందన్నమాట. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు, అందులో 80 శాతం మురుగు అని ఇంజనీర్లు వేసే లెక్క ప్రకారం 10 లక్షల లీటర్లంటే తొమ్మిది వేల పైచిలుకు మంది. పది పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయాలు చాలు.

మంచి ఏరేటర్, మంచి పరిస్థితుల్లో, యూనిట్ కరెంటుకు సుమారు ఒక కిలో ఆక్సిజన్ నీళ్లలోకి ఎక్కిస్తుంది. అందం కోసం పెట్టే ఫౌంటెన్ అంత కూడా చేయదు. నాలాను వదిలేసి ఫౌంటెన్లు పెట్టడమంటే ప్రతి 10 లక్షల లీటర్ల మురుగుకూ రోజుకు కనీసం 200 యూనిట్లు కాల్చడం, అదీ ఏళ్ల తరబడి. మీటింగ్‌లో ఈ లెక్క ఒక్కటే బోర్డు మీద రాశాను. ఇంజనీరింగ్ విభాగం వాళ్లు పెన్ను తీసుకుని తమ అంకెలతో మళ్లీ వేసుకున్నారు. ప్రతిపాదన అక్కడే ఆగింది. ఆ ఇంజనీర్లకు దండం పెట్టాలనిపించింది నాకు. టెండర్ దాకా వచ్చిన పనిని ఆపడం వాళ్లకు తేలిక కాదు.

నాలాలోనూ వేళల గొడవే. ఉదయం ఏడు నుంచి పది దాకా ఊరంతా స్నానాలూ వంటలూ, నాలా నిండుగా పారుతుంది. మధ్యాహ్నానికి సగానికి తగ్గుతుంది. అర్ధరాత్రి దాటాక సన్నటి ధార. ఒకరాత్రి ఆ సన్నటి ధార హఠాత్తుగా నల్లగా, ఉబ్బుగా వచ్చింది. వాసన భరించలేకపోయాం. పైకి నడిచి వెళ్తే సెప్టిక్ ట్యాంకర్ ఒకటి, లైట్లు ఆపేసి, కల్వర్టు పక్కన పైపు వేలాడదీసి ఉంది. ఇంకో చోట, ఒక నివాస సముదాయం గోడ కింద నుంచి పైపు. లోపల శుద్ధి ప్లాంట్ ఉంది, రాత్రిళ్లు నడవదు.

ఇక్కడ నేనొక తప్పు చేశాను. ఆ పైపు దగ్గర శాంపిల్ పట్టి, పరీక్ష చేసి, ఫలితాన్ని ఫొటోలతో సహా సంస్థకు పంపాను. వాళ్లు దాని ఆధారంగా నోటీసు ఇవ్వబోతే లీగల్ సెక్షన్ అడ్డుపడింది, సరిగ్గానే. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం సెక్షన్ 21 ప్రకారం సాక్ష్యంగా నిలవాల్సిన శాంపిల్ కాలుష్య నియంత్రణ మండలి గానీ, అది అధికారమిచ్చిన అధికారి గానీ తీయాలి. యజమానికి అక్కడికక్కడే నోటీసు ఇవ్వాలి, అతని ఎదుట శాంపిల్‌ను రెండుగా పంచాలి, సీల్ వేయాలి, సీసాల మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. నేను తీసింది కోర్టులో నీళ్లసీసా మాత్రమే. పైగా నా రిపోర్ట్ సంగతి బయటికి పొక్కి, అధికారులు పద్ధతి ప్రకారం వెళ్లిన రోజున ఆ ప్లాంట్ భేషుగ్గా నడుస్తోంది. ఆరు వారాలు పోయాయి. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాం: అనుమానం వస్తే ఎక్కడ, ఏ వేళకు అన్నది మాత్రం నోటితో చెప్తాం, శాంపిల్ మండలి అధికారులే తీస్తారు, మేం దూరంగా నిలబడతాం. రెండోసారి వాళ్లు రాత్రి రెండింటికి వెళ్లారు. ఆ శాంపిల్ నిలిచింది.

మురుగు మళ్లిస్తే నీళ్లెక్కడివి

నాలాను చెరువులోకి రాకుండా అడ్డుకట్ట వేసి, పైపులో మళ్లించి కింద ఉన్న శుద్ధి కేంద్రానికి చేర్చాలని రాశాం. కొత్త ఆలోచనేమీ కాదు. 1562లో తవ్విన హుస్సేన్ సాగర్‌కు కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు మురుగు మోసుకొస్తుంటే, 2006లో జపాన్ రుణంతో మొదలైన ప్రాజెక్టులో ముఖ్యమైన పని అదే, నాలాలను అడ్డుకుని మళ్లించడం. ఎండాకాలం ప్రవాహం పైపులోకి పోతుంది. గట్టి వాన పడితే పైపు పట్టదు, అడ్డుకట్ట మీదుగా అంతా సాగర్‌లోకే దూకుతుంది. ఆ బలహీనత మా చెరువుకూ తప్పదని ముందే చెప్పాం.

కానీ నేను అసలు ఆలోచించని మాట సొసైటీ మీటింగ్‌లో వచ్చింది. “నీళ్లు మలుపుతరు సరే సార్. మల్ల ఎండకాలం చెరువుల ఏముంటది?” అన్నాడు కాకా.

నిజమే. ఎగువన ఒక చెరువు నిండి ఇంకోదానికి నీళ్లిచ్చే గొలుసుకట్టు తెగిపోయింది, కుంటలు ఇళ్ల స్థలాలయ్యాయి. ఏప్రిల్, మే నెలల్లో ఈ చెరువులో నీళ్లున్నాయంటే ఆ మురుగు పుణ్యమే. మళ్లిస్తే చెరువు శుభ్రమవుతుంది, ఎండిపోతుంది కూడా. ప్రభుత్వం 2016-17 నుంచి ఉచితంగా చేపపిల్లల్ని ఇస్తోంది. వానాకాలం వదిలిన పిల్ల ఎదిగి వలకు రావాలంటే ఎండాకాలం దాకా నీళ్లు నిలవాలి. డెబ్బై కుటుంబాల కూడు అది. నా ముసాయిదాలో వాళ్ల ప్రస్తావన ‘స్థానికులు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టాను. రిపోర్ట్ వెనక్కి తీసుకుని మళ్లీ రాశాను.

రెండో ముసాయిదాలో మళ్లించిన మురుగును దగ్గర్లోనే శుద్ధి చేసి, ఆ నీళ్లను తిరిగి చెరువులోకే పంపమన్నాం. నేరుగా కాదు. శుద్ధి చేసిన నీళ్లలోనూ నత్రజని, ఫాస్ఫరస్ మిగిలే ఉంటాయి, నాచుకు అవే మేత. అందుకని నాలా మూలన రెండెకరాల్లో తుంగ, జమ్ము పెంచిన చిత్తడి గుండా మెల్లగా పారించి వదలాలి. ఈ చిత్తడి విషయంలో సంస్థలో చాలా చర్చ జరిగింది. జాగా పోతుందని కొందరు, దోమలొస్తాయని కొందరు. నీళ్లు నిలవకుండా కదులుతుంటే, చేపలుంటే దోమల బెడద అదుపులో ఉంటుందని చూపించడానికి ముందు చిన్న మడి కట్టి నాలుగు నెలలు నడిపాం. జమ్ము ఏటా కోయాలి. కోయకపోతే అది అక్కడే కుళ్లి, పట్టుకున్నదంతా మళ్లీ నీళ్లలోకే వదులుతుంది. ఈ కోత ఖర్చు ఎవరి పద్దులో రాయాలన్నది తేలడానికి చిత్తడి కట్టడం కంటే ఎక్కువ కాలం పట్టింది.

పూడికతీత మాత్రం వెంటనే వద్దన్నాం. మురుగు ఆగకముందు బురద తీస్తే రెండేళ్లలో మళ్లీ అంతే చేరుతుంది. మురుగు ఆగాక కూడా బురద ఊరుకోదు. దాన్లో ఇనుముతో కట్టుబడి ఉన్న ఫాస్ఫరస్, అడుగున ఆక్సిజన్ పోగానే విడివడి నీళ్లలోకి వచ్చేస్తుంది. అందుకే మళ్లింపు పూర్తయిన మొదటి ఏడాది చెరువు ఎప్పటిలాగే పచ్చగా ఉంది. డబ్బంతా వృథా అని పేపర్లో రాశారు. సంస్థలో అందరికీ టెన్షన్. ఇది రాబోతోందని రిపోర్ట్‌లో ఒక పేరా రాసి ఉంచడం ఆ రోజు వాళ్లకు పనికొచ్చింది.

తొలి వాన సమస్యకు పూర్తి మందు దొరకలేదు. ఎండాకాలమంతా నాలా అడుగున పేరుకున్న బురదను మొదటి వాన ఒక్కసారిగా ఊడ్చుకొస్తుంది, పైగా మబ్బు పట్టి నాచుకు ఎండ ఉండదు. చేపలు చచ్చేది సరిగ్గా అప్పుడే. మే నెలాఖరులోపు నాలా పూడిక తీయడం, ఆకాశం మబ్బుగా ఉన్న రాత్రుల్లో అద్దె ఏరేటర్లు రెండు తూము వైపు నడపడం, ఈ రెండూ ఇప్పుడు చేస్తున్నారు. ఫౌంటెన్లకు ఒప్పుకోని నేనే ఏరేటర్లు అడిగానని ఒక ఇంజనీర్ నవ్వారు. రాత్రి పదకొండు నుంచి ఉదయం ఏడు దాకా, ఏడాదిలో కొన్ని రాత్రులు, చేపలకు తలదాచుకునే ఒక మూల ఉంచడానికి. అంతకు మించి వాటితో పని లేదు.

మళ్లింపు తర్వాత రెండో ఏడాది తొలి వానకు చేపలు చచ్చాయి, కానీ అంతకుముందులా కట్ట పొడవునా కాదు, నాలా మూల దగ్గర మాత్రమే. సొసైటీవాళ్లు ముందురోజే పెద్దవాటిని పట్టేసుకున్నారు, ఎందుకంటే ఆ సాయంత్రం రీడింగ్ చూసి సంస్థ ఫీల్డ్ అసిస్టెంట్ వాళ్లకు ఫోన్ చేసి చెప్పాడు. మొత్తం పనిలో నాకు బాగా నచ్చింది ఆ ఫోన్ కాల్.

రిజిస్టర్‌లో ఇప్పుడు టైమ్ గడి ఉంది, లోతు గడి ఉంది. నెలకు రెండుసార్లు ఉదయం ఐదింటి శాంపిల్ సంస్థవాళ్లే తీస్తున్నారు. ఆ వేళకు వచ్చే సిబ్బందికి మర్నాడు సెలవు ఇవ్వాలని ఆర్డర్ వేయించుకోవడానికి మూడు ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. కిందటి వారం వెళ్లి మెట్ల మీద వాళ్ల పక్కన కూర్చున్నాను. తూము దగ్గరి సీసా గోధుమరంగు కట్టింది, చెరువు నడుమ అడుగుదీ లేతగా రంగు పట్టింది. నాలా మూలది ఇంకా తెల్లగానే వస్తోంది. జూన్‌లోపు అక్కడి బురద తీయాలని మళ్లీ రాశాం.